క్యారియర్ అంతే, ఏం కాదు

మా చిన్నాయన ఇంట్లో పట్టాదారు పాసు పుస్తకం, కరెంటు బిల్లులు, పాత పెళ్ళి పత్రికలు అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. 2023 మార్చిలో ఆ కవరు మంచం మీద కుమ్మరించి ఆధార్ కార్డు కోసం వెతుకుతుంటే 2009 నాటి ల్యాబు కాగితం ఒకటి బయటపడింది. హెర్నియా ఆపరేషనుకి ముందు చేసిన రక్త పరీక్షలు. ఒక లైను కింద ఎర్ర పెన్నుతో గీత. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. అంటే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నట్టు.

"ఇదేంది చిన్నాయనా, ఎప్పుడూ చెప్పలే?"

"గదా.. క్యారియర్ అంతనే, ఏం గాదు అన్నరు బిడ్డా. ఆపరేషన్ చేసి పంపిచ్చిన్రు."

అంతే. పద్నాలుగేళ్ళు ఆ కాగితం పాసు పుస్తకం కింద పడుంది. మన భాషలో చెప్పాలంటే అలర్ట్ వచ్చింది, ఎవరో మ్యూట్ చేసి టికెట్ మూసేశారు. ఆ ఆసుపత్రి ఏదో ఇక్కడ అనవసరం. ఇలాంటి టికెట్లు మూసేసిన చోట్లు బోలెడు ఉంటాయి.

మాది సురంగల్. తెలీదు కదా! వీసా బాలాజీ చిల్కూరు తెలుసుగా, అదే మొయినాబాద్ మండలం. ఎక్కడ చూసినా ఫామ్‌హౌసులు, వాటి మధ్యలో ఇంకా వ్యవసాయం వదలని మా చిన్నాయన లాంటి వాళ్ళు. ఆయనకి గులాబీ తోట. తెల్లారేసరికి పువ్వులు గుడిమల్కాపూర్ మార్కెట్లో ఉండాలి. మందు తాగడు. అందుకే 'లివర్' అనగానే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆకలి లేదంటే పసిరికలని ఎవరో చెప్పి రెండుసార్లు పసరు మందు పోయించారు. అందులో నెలన్నర పోయింది.

అల్ట్రాసౌండులో గడ్డ కనపడింది, ఏడు సెంటీమీటర్లు. సిటీలో ట్రైఫేజిక్ సీటీ తీశారు. ఈ పరీక్ష నాకు భలే నచ్చింది (నచ్చడం అనకూడదేమో!). మామూలు కాలేయానికి రక్తంలో ముప్పావు వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. ఈ క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం మీద బతుకుతుంది. అందుకని రంగు మందు ఎక్కించిన కొన్ని సెకన్లకే, ధమనిలో రక్తం వచ్చే దశలో, గడ్డ ఒక్కటే తెల్లగా మెరుస్తుంది. తర్వాతి దశలో చుట్టూ కాలేయం మెరుస్తుంటే గడ్డ నల్లబడుతుంది. ఏళ్ళ తరబడి హెపటైటిస్ బి ఉన్నవాళ్ళలో ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తే ముక్క తీసి పరీక్ష చేయాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు. చిన్నాయనకి అచ్చం అలాగే కనిపించింది. పైగా గడ్డ పోర్టల్ సిరలోకి పాకింది.

పాకడంతో దారులు మూసుకుపోయాయి. చిన్న గడ్డయితే కోసి తీసేస్తారు, లేదా సూది గుచ్చి వేడితో కాల్చేస్తారు. కాలేయ మార్పిడికి 1996లో మిలాన్ వాళ్ళు పెట్టిన లెక్క ఒకటుంది. ఒకటే గడ్డయితే ఐదు సెంటీమీటర్ల లోపు, మూడు దాకా ఉంటే ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్ల లోపు, రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు. మార్పిడికి డబ్బు కావాలంటే "ఎకరం అమ్ముదాం" అని తమ్ముడు అప్పటికే రియల్ ఎస్టేటు వాళ్ళతో మాట్లాడి వచ్చాడు. మొయినాబాద్ దగ్గర ఎకరం అంటే మీకు తెలుసు. డాక్టరు గారు "భూమి ఉంచుకోండి బాబూ, ఇది దానితో అయ్యే పని కాదు" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

కొత్తగా వచ్చిన ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్లు ఆయన అప్పటి పరిస్థితికి కుదరవన్నారు. గోళీలు రాశారు. డబ్బా చూసి ఒక్క క్షణం ఆగిపోయాను. సొరాఫెనిబ్!

ఈ పేరు నాకు 2012 నుంచి తెలుసు. ఆ మార్చి 9న మన పేటెంట్ కంట్రోలర్ కురియన్ గారు, బేయర్ కంపెనీ పేటెంటు ఉన్న ఈ మందుని తయారు చేసుకొమ్మని మన హైదరాబాదు నాట్కోకి కంపల్సరీ లైసెన్సు ఇచ్చారు. దేశంలో అదే మొదటిది. బేయర్ ధర నెలకి 2,80,428 రూపాయలు. నాట్కో అమ్మాల్సిన ధర 8,880. అమ్మకాల్లో 6 శాతం రాయల్టీ బేయర్‌కి కట్టాలి, తర్వాత దాన్ని 7 చేశారు. కోర్టుల్లో నడిచి నడిచి 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా బేయర్ అప్పీలు తోసేసింది.

అప్పట్లో మా టీములో లంచ్ టేబుల్ దగ్గర దీని మీద పెద్ద యుద్ధం. నేను పేటెంటు పక్షం! "ఇలా లాక్కుంటే రేపు రీసెర్చి ఎవడు చేస్తాడు, మన కోడ్ ఎవడైనా ఎత్తుకుపోతే ఊరుకుంటామా" అని తెగ వాదించాను. ఎదుటివాడు "మీ ఇంట్లో వస్తే తెలుస్తుంది" అన్నాడు. చీప్ ఆర్గ్యుమెంట్ అని కొట్టిపారేశాను.

వచ్చింది. పేటెంటు గడువు 2020లోనే ముగిసింది, మేం కొన్న డబ్బా ధర మా అందుబాటులోనే ఉంది. వాడు గెలిచాడు, ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ టేబుల్ దగ్గర మేమిద్దరం అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఈ మందు ఎంత పని చేస్తుంది?

పెద్ద ట్రయల్లో ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్ళ సగటు ఆయుష్షు 7.9 నెలలు, మందు వేసుకున్నవాళ్ళది 10.7. ఎక్కువమంది హెపటైటిస్ బి రోగులే ఉన్న ఆసియా ట్రయల్లో అయితే 4.2, 6.5. అంటే రెండున్నర నెలలు అటూ ఇటూ. ఆ నెలల ధర రెండు లక్షల ఎనభై వేలా, ఎనిమిది వేలా అని మేం గొంతులు చించుకున్నాం. ఆ నెలలు విలువలేనివని నేను అనను. కానీ చిన్నాయనకి అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొరలు ఊడాయి, ఈ మందుతో చాలామందికి అలా అవుతుంది. గులాబీ కొమ్మ పట్టుకోలేకపోయాడు. జూన్‌లో మందు ఆపేశారు. ఆగస్టులో పోయాడు.

కోపం ఎక్కడొస్తుందంటే, దీనికి ఇంకో కొస కూడా మన ఊళ్ళోనే ఉంది. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్ హైదరాబాదులోనే 1997లో బయటికొచ్చింది, విదేశీ టీకా ధరలో చిన్న వంతుకి. చిన్నాయన రిపోర్టుకి పన్నెండేళ్ళ ముందు! ఆయనకి అప్పటికే వైరస్ ఉంది కాబట్టి టీకా పనికిరాకపోవచ్చు. కానీ ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండు చేయించుంటే గడ్డ రెండు సెంటీమీటర్లప్పుడే దొరికే అవకాశం ఉండేది. వైరస్‌ని అణచిపెట్టే టెనోఫోవిర్ లాంటి గోళీలు ఉన్నాయి. ఇంట్లో మిగతావాళ్ళకి పరీక్షలు, లేనివాళ్ళకి టీకా. వీటిలో ఒక్కటీ ఎకరం అమ్మాల్సిన ఖర్చు కాదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి కాలేయం గట్టిపడకుండానే క్యాన్సర్ రావచ్చు కాబట్టి 'ఏం కాదు' అనేది ఎవరికి వారు చెప్పుకునే మాట కాదు.

దినాలయ్యాక అందరికీ పరీక్షలు చేయించాం. ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకి కాన్పులో వస్తుంది, అందుకే పుట్టిన 24 గంటల్లో టీకా వేయాలంటారు. మా నాయనమ్మ ఎప్పుడో పోయింది, ఆవిడకి ఉందో లేదో తెలిసే దారి లేదు. నాన్నకి లేదు. చిన్నమ్మకి, తమ్ముళ్ళకి లేదు, టీకా వేయించాం. నాకూ లేదు. కాకపోతే నా స్కానులో 'గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్' అని వచ్చింది. నవ్వకండి.. హైదరాబాదు యూనివర్సిటీ, ఏఐజీ వాళ్ళు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులని పరీక్షించి 2025లో అచ్చువేశారు, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. అంటే ఇది చదివే ఐదుగురిలో నలుగురి సంగతి. అదీ కొందరిలో ముదిరి ఇదే చోటికి చేరుతుంది. మీ వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు ఉంటే ఫిబ్-4 అనే స్కోరు లెక్కేసుకోవచ్చు. వయసుని ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఏఎల్‌టీ వర్గమూలం ఈ రెంటి లబ్ధంతో భాగించాలి. 1.3 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముప్పై అయిదు లోపు వాళ్ళకి ఈ లెక్క సరిగ్గా కుదరదు.

మా మేనత్తకి పాజిటివ్ వచ్చింది.

ఆమె ఊరు రాయను. ఫోన్లో చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్ల తెలిస్తే నా పళ్ళెం వేరే పెడ్తరు రా" అంది. కలిసి తింటే రాదత్తా, రక్తం వల్ల, శరీర సంబంధం వల్ల వస్తుంది అన్నాను. "నీకు తెల్సు. ఆళ్ళకెవరు చెప్పాలె?" మామయ్యకైనా చెప్పి పరీక్ష చేయించాలని రెండు నెలలు పోరితే, ఆయన్ని షుగర్ టెస్టు పేరుతో తీసుకొచ్చింది. ఆయనకి లేదు. టీకా కూడా 'పెద్ద వయసు వాళ్ళందరికీ వేస్తున్నారు' అని చెప్పి వేయించింది. నాకు నచ్చలేదు, కానీ నేను మధ్యలో వెళ్ళలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి వేసుకునే గోళీ ఆమె బీపీ గోళీల డబ్బాలో ఉంటుంది. ఆర్నెల్లకోసారి బస్సెక్కి వస్తుంది, ఇంట్లో చెప్పేది చిల్కూరు ప్రదక్షిణలకని. నేను స్కానుకి తీసుకెళ్తాను, రిపోర్టు బాగుందని చెప్పాక నిజంగానే గుడికి వెళ్ళి పదకొండు తిరుగుతుంది. అబద్ధం కాకూడదట. వచ్చే నెల మళ్ళీ మొక్కు ఉంది.