ఒక గద్ద, రెండు ఒడ్లు

మా వార్డులో పనిచేసే పోలిష్ నర్సుది చెషిన్ అనే ఊరు. వేసవి సెలవులకు క్రాకోవ్ వెళ్తున్నామని చెబితే, "మా ఊరు చూడకుండా తిరిగి రావద్దు డాక్టర్" అంది. అద్దె కారులో బయల్దేరాం.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఒక బోర్డు మీద నీలం డాలు, దాని మధ్య రెక్కలు చాచిన బంగారు గద్ద కనిపించాయి. "నాన్నా, నిన్న చూసిన గద్ద తెల్లగా ఉంది కదా, ఇది పసుప్పచ్చగా ఉందేం?" అని అడిగింది మా అమ్మాయి. నిన్నటిది దేశానిది. ఎర్రటి డాలు మీద తెల్ల గద్ద. కమ్యూనిస్టుల కాలంలో దాని తల మీది కిరీటం తీసేశారు, 1990లో మళ్ళీ పెట్టారు. ఇవాళ చూసినది చెషిన్ పొవియత్‌ది. పొవియత్ అంటే మన పాత తాలూకా లాంటిదనుకోండి, కాస్త పెద్దది. 1975లో పోలండ్ ప్రభుత్వం పొవియత్‌లన్నిటినీ రద్దు చేసింది. 1999 జనవరి 1న అవి మళ్ళీ పుట్టాయి. గుర్తుల కోసం చాలాచోట్ల పాత రాజముద్రల్నే వెతుక్కున్నారు. ఈ బంగారు గద్ద చెషిన్‌ను 1653 దాకా ఏలిన పియాస్త్ వంశపు ప్రభువులది. ఆ తర్వాత ఊరు హాబ్స్‌బర్గుల చేతికి పోయింది.

అసలు కథ ఓల్జా నది దగ్గర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ప్రాంతం మాదంటే మాదని పోలండ్, చెకొస్లోవేకియా కొట్టుకున్నాయి. 1920లో పెద్ద దేశాల రాయబారులు కూర్చుని నదినే సరిహద్దు చేశారు. కోట, పాత అంగడివీధి పోలండ్‌కు. రైల్వే స్టేషను అటు వాళ్ళకు! అంగడివీధి నుంచి వంతెన దాటి స్టేషనుకు 1911 నుంచి ట్రాము నడిచేది. 1921లో అది ఆగిపోయింది. 1938లో పోలండ్ అవతలి ఒడ్డును ఆక్రమించుకుంది, మరుసటి ఏడు జర్మన్లు రెండు ఒడ్లనూ మింగేశారు, యుద్ధం ముగిశాక గీత మళ్ళీ నదిలోకే వచ్చింది.

వంతెన మీద నడిచాం. 2007 డిసెంబరు 21 నుంచి ఇక్కడ పాస్‌పోర్టు అడిగేవాళ్ళు లేరు. ఎన్ని కౌంటర్ల ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డామో మనకు తెలుసు కదా, నా చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. మా ఆవిడ నవ్వింది.

అవతల చెక్ ప్రాంతపు (క్రాయ్) డాలు నాలుగు గళ్ళుగా ఉంది. మా అమ్మాయి దానికేసి చూసి ఒక గడి మీద వేలు పెట్టింది. నీలం మీద బంగారు గద్ద! "ఇంతకీ ఇది ఎవరిది నాన్నా?" అంది.

నేను పుట్టింది ఖమ్మంలో, మా ఆవిడ జగ్గయ్యపేటలో. 2014 దాకా ఇద్దరిదీ ఒకే రాష్ట్రం. ఇప్పుడు మా అత్తగారింటి కాగితాల మీద పూర్ణకుంభం, మా ఇంటి కాగితాల మీద కాకతీయ తోరణం, చార్మినార్. బస్సు మాత్రం అలాగే తిరుగుతోంది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పబోయి మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది.

తిరిగొచ్చాక నర్సుకు ఫోటోలు చూపించాను. కోట, బురుజు చకచకా దాటేసి, అవతలి ఒడ్డు ఫోటో దగ్గర ఆగింది. వాళ్ళ అమ్మమ్మ చెల్లెలు ఆ ఒడ్డున ఉండేదట. పొద్దున పొయ్యి వెలిగిస్తే పొగ ఇటు కనిపించేదట. చూడడానికి వెళ్ళాలంటే మాత్రం పాసు కావాలి. "పొగ వస్తే చెల్లెలు బాగుందని అమ్మమ్మ అనేది" అంది. ఆ ఫోటో కాపీ ఒకటి కావాలని అడిగింది.