షికాగోలోని రిగ్లీ మైదానము

అమెరికాదేశమున షికాగో నగరపు టుత్తరభాగమందు 1914లో కట్టిన రిగ్లీ మైదానము కలదు. లోపలి యిటుకగోడపై 1937లో నాటిన తీగ దట్టముగా నల్లుకొన్నది. 1988 వరకు నచ్చట దీపములే లేవు, పగటివేళనే బేస్‌బాలాడుచుండిరి. ఇది కబ్స్ జట్టువారి నెలవు. 1908 పిమ్మట వారు 108 సంవత్సరములు జగజ్జెట్టి బిరుదమునకు నోచుకొనలేదు.

2016 నవంబరు 2వ తేదీన క్లీవ్‌లాండులో కడపటి పోటీ జరిగెను. ఎనిమిదవ యిన్నింగ్సున 6–3తో ముందున్న కబ్స్‌ను రాజై డేవిస్ 6–6 వద్ద నిలిపెను. బంతి విసరిన చాప్‌మన్‌ను పలువురు నిందించిరి. నా తలంపున దోష మతనిది గాదు. ముందటి యాటలో నైదు పరుగుల యాధిక్యమున్నను అతనిచే విసరించి యలయించిన మేనేజరు మాడన్‌దే. తొమ్మిదవది ముగియగనే వాన పదునేడు నిమిషము లాట నాపినది. ఆ విరామమే కబ్స్‌ను బ్రతికించినదందును. పదియవదానిలో జోబ్రిస్ట్, మాంటెరోలు చెరియొక పరుగు తెప్పించిరి. డేవిస్ మరల నొకటి రాబట్టెను. తుదకు తడిపచ్చికపై కాలుజారినను బ్రయంట్ విసరిన బంతి రిజో చేత జిక్కెను. 8–7! నేర్పుకంటె నోర్పు గెలిచిన యాట.

ఆ దినములలో షికాగో జనులు సుద్దముక్కలు చేతబట్టి, రిగ్లీ మైదానపు వీధిగోడలపై, ఈ గెలుపు చూడకయే గతించిన తమ తండ్రుల, తాతల, అవ్వల పేర్లు వ్రాసిరి. అది వినగనే మన యిండ్లలో తద్దినమునాడు చదువు గోత్రనామములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. చేయి యందినంత మేర యిటుకలన్నియు పేర్లతో నిండెను.