చిన్నబస్సు

2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మా పినతల్లిగారిని చూచుటకు లండను పోయితిని. ఆమె కుమారుడు ఆ నగరమునకు ఆగ్నేయమున ఆర్పింగ్టను అను శివారున కాపురమున్నాడు. నేను చూడదలచిన గ్రంథాలయములను, ప్రదర్శనశాలలను చూచితిని. కాని యింటికి వచ్చిన పిదప నా మనస్సున నిలిచినది, పినతల్లి వాకిటికి నాలుగిండ్ల దూరమున వచ్చి యాగు నొక చిన్నబస్సు.

పినతల్లి తన జీవితములో ఒంటరిగా గడప దాటి యెరుగదు. చిన్ననాడు తండ్రి, పిమ్మట భర్త, ఆయన గతించిన తరువాత కుమారుడు తోడు. మనుస్మృతి చదివినవారికి ఈ వరుస క్రొత్తది కాదు. అట్టి యామె డెబ్బదియేండ్ల వయస్సున సంచి చేతబట్టుకొని, “నాయనా, కూరలకు పోయి వస్తాను, అన్నం వేడిగా ఉంది, పెట్టుకొని తిను” అని చెప్పి బయలుదేరగా నేను తెల్లబోయితిని.

ఆ బస్సు కథ యేమని విచారించితిని. లండను పేరు చెప్పగానే మనకు గుర్తువచ్చు రెండంతస్తుల యెర్రబస్సు శివారు సందులలో తిరుగలేదు. 1972లో అచ్చటి రవాణా సంస్థవారు పదునారుగురు కూర్చుండదగిన ఫోర్డు వ్యానులను బస్సులుగా దిద్ది, డబ్ల్యు 9, బి 1, సి 11, పి 4 అను నాలుగు దారులలో నడపి చూచిరి. సరకుల బండికి కిటికీలు పెట్టినట్లుండెడి యా తరగతి వాహనములలో మెట్టు ఎత్తు, నడవ ఇరుకు. నా బాల్యమున హైదరాబాదులో నడచిన సెట్విన్ వారి చిన్నబస్సులలో మెడ వంచి నిలుచుట నాకు జ్ఞప్తికి వచ్చినది. నిరుద్యోగులకు బ్రతుకుతెరువు చూపుటకై జంటనగరములలో పుట్టిన సంస్థ యది.

1984లో చట్టము మారినది. ఆ మరుసటి సంవత్సరము నుండి లండనులో దారులను టెండరుకు పెట్టసాగిరి. ఏ దారిన, ఏ వేళకు, ఎంత రుసుముతో బస్సు నడువవలెనో ప్రభుత్వసంస్థయే నిర్ణయించును. నడపువాడు మాత్రము కాంట్రాక్టుదారుడు. లండను వెలుపల జరిగినది వేరు. 1986 అక్టోబరు 26 నుండి అచ్చట నెవ్వడైనను బస్సు నడుపవచ్చునని తలుపులు తెరచిరి. లాభమున్న వీధిలో బస్సు వెనుక బస్సు పరుగెత్తెను. లాభము లేని పల్లెకు బస్సే కరవయ్యెను. లండను ఆ చిక్కులో పడలేదు.

ఆర్పింగ్టనుకు చిన్నబస్సులు 1986 ఆగస్టులో వచ్చినవి. పెద్దబస్సులను తీసి, ‘ఆర్’ అను నక్షరముతో మొదలగు దారులను రౌండబౌట్ అను పేరుతో ప్రారంభించిరి. కొన్ని సందులలో స్తంభముతో పనిలేదు. చేయెత్తినచోట బండి ఆగును. జనులు సంతోషించియుందురు, నేనును సంతోషించితిని, కొంతదూరము చదువువరకే. ఆ టెండరును గెలుచుటకు రవాణా సంస్థవారు తమ శాఖనే వేరుచేసి, అందలి పనివారికి మిగిలిన వారికంటె తక్కువ జీతమిచ్చిరి. బస్సు నడపుటకగు వ్యయములో పెద్దపాలు డ్రైవరు జీతమే గదా. బస్సు చిన్నదైనంత మాత్రమున డ్రైవరు కడుపు చిన్నది కాదు. మా పినతల్లి గడప దాటుటకు వెల యిచ్చినది ఎవ్వరో, అంతవరకు నేను తలపలేదు.

ఈ మాట ఆమెతో అనుటకు నోరాడలేదు. 1973లో పురపాలకులు పెద్దలకు ఉచిత ప్రయాణమునకై యేర్పరచిన పత్రము వంటిదే యామెకును గలదు. ఫ్రీడమ్ పాస్ అని దానిపేరు. పనిదినములలో ఉదయము తొమ్మిది దాటినగాని చెల్లదు. తొమ్మిదగుటకు ముందే చెప్పులు తొడుగుకొని గడియారము చూచుచు కూర్చుండుట యామె నిత్యకృత్యము.

ఒకనాడు నన్ను వెంటబెట్టుకొని ఆర్ 8 బస్సున డౌను గ్రామమునకు కొనిపోయినది. డార్విను 1842 నుండి 1882లో మరణించువరకు అచ్చటనే నివసించెను. పాఠము చెప్పువానికి అది తీర్థయాత్ర. దారి ముండ్లపొదల నడుమ సన్నగా సాగును. ఎదుట కారు వచ్చిన, ఎవరో యొకరు వెనుకకు పోవలెను. మా డ్రైవరే పలుమారులు వెనుకకు పోయినాడు. ఇప్పటి బస్సు నేలమట్టముగా నున్నది. 2005 చివరకే లండను బస్సులు దాదాపుగా అన్నియు నట్లు మారినవి. పినతల్లి మోకాళ్లు పట్టుకొనకయే యెక్కినది.

తిరుగుదారిలో డ్రైవరుతో మాటలాడితిని. కాంట్రాక్టు కొన్నియేండ్లకు ముగియును, మరల టెండరు, యజమాని మారవచ్చును, బస్సు రంగు మాత్రము ఎరుపే యని నవ్వినాడు. తాను లోగడ నడపిన యొక దారి చివర కాలకృత్యములకైనను చోటు లేదని కూడ చెప్పినాడు. పినతల్లి చెవులు రిక్కించి విన్నది.

నేను బయలుదేరుటకు ముందు రాత్రి ఆమె యొక కాగితము తెచ్చి, “ఇంగ్లీషు సరిగా ఉందో లేదో చూడు నాయనా” అన్నది. అధికారులకు జాబు. సాయంకాలపు బస్సులు చాలవనుట మొదటి విషయము. రెండవది డ్రైవర్లకు మరుగుదొడ్డి. తప్పులు రెండు మాత్రమే యున్నవి, దిద్దియిచ్చితిని. తెల్లవారి తొమ్మిది కొట్టగానే ఆమె దానిని తపాలాపెట్టెలో వేయుటకు పోయినది.