పొరుగింటి ఒడి

 

రూతు గ్రంథం చదివేటప్పుడు మనలో చాలామందికి బోయజుతో పెళ్ళి కాగానే కథ అయిపోయినట్టు అనిపిస్తుంది. నాలుగో అధ్యాయం చివర ఇంకా కొన్ని వచనాలున్నాయి. రూతుకు కొడుకు పుడతాడు. నయోమి ఆ బిడ్డను ఒళ్ళోకి తీసుకుని వాడిని పెంచే దాది అవుతుంది. బిడ్డకు పేరు పెట్టింది మాత్రం బోయజు కాదు, రూతు కాదు, నయోమి కూడా కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు. ఓబేదు అని వాళ్ళే పిలిచారు. ఆ ఓబేదు దావీదుకు తాత. మత్తయి మొదటి అధ్యాయంలో మన ప్రభువు వంశావళి చదివితే ఆ పేరు అక్కడా ఉంటుంది. రక్షకుని వంశంలో ఒకరి పేరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెట్టింది! రూతు పొలంలో పరిగె ఏరుకున్న రోజులు చూసిన ఊరివాళ్ళే వాళ్ళు. ఆ ఇంటి కష్టం తెలిసినవాళ్ళు కాబట్టే ఆ ఇంటి బిడ్డను తమ బిడ్డ అనుకున్నారు.

ఈ వారం ఈ మాటే ధ్యానిద్దాం. పసిబిడ్డను పెంచడం ఒక్క తల్లి పని కాదు. పొరుగువాళ్ళ పని కూడా.

కూచిపూడి అంటే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. సిద్ధేంద్ర యోగి, భామాకలాపం గుర్తొస్తాయి. ఆ అడుగులు నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో అటూ ఇటూ ఉన్న మాగాణి కోసం ఎవరూ బస్సు దిగరు. మన మందిరం ఆ మాగాణి మధ్యన ఉంది. మన సంఘంలో ఎక్కువ ఇళ్ళు నాట్ల మీద, కలుపు మీద, కోతల మీద, ఆ తర్వాత మినుము తీత మీద బతుకుతున్నాయి. నేను రాసేది ఆ ఇళ్ళలో పడే తప్పటడుగుల గురించి.

కాలువలకు నీళ్ళు వదిలి నాట్లు మొదలైతే ముఠా పొద్దున్నే ఆరింటికి కదులుతుంది. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. అదీ మూడేళ్ళు నిండినవాళ్ళకే. అంతకన్నా చిన్నవాళ్ళకు ఇంటికి బాలామృతం ఇస్తారు గానీ రోజంతా కూర్చోబెట్టుకుని చూసుకునే ఏర్పాటు లేదు. ముసలివాళ్ళున్న ఇంట్లో ఫరవాలేదు. లేని ఇంట్లో? పూర్వం గట్టు మీద తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టేవారు. నడక వచ్చిన పిల్ల ఉయ్యాల్లో ఉండదు. పక్కనే పంట కాలువ.

రెండేళ్ళ క్రితం నాట్ల రోజుల్లో ఇళ్ళ దర్శనానికి వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో రెండున్నరేళ్ళ పిల్లవాడిని చూశాను. వాడి చీలమండకు పాత చీర కొంగు చుట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేసి ఉంది. పక్కన గిన్నెలో అటుకులు, చెంబుతో నీళ్ళు. మంచం మీద పక్షవాతం వచ్చిన నాయనమ్మ. "కాలవ దగ్గరికి పోకుండా కట్టిందయ్యగారూ. నేను లేవలేను, అరవగలను, అంతే" అంది. ఆ తల్లి భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఆమెను తప్పుపట్టిన నోళ్ళు పేటలో ఉన్నాయి. నేను ఆ ముడి చూశాను. పిల్లవాడి కాలు ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ మడత పెట్టి వదులుగా కట్టింది. అందులో నిర్లక్ష్యం లేదు. ఎవరి సాయమూ దొరకని తల్లి పడిన జాగ్రత్త ఉంది.

అంగన్‌వాడీ మీద చిన్నచూపు ఉన్నవాళ్ళకు ఒక మాట. అంగన్ అంటే వాకిలి. తారాబాయి మోదక్ అనే ఆమె 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ అనే ఊళ్ళో పేద పిల్లల కోసం బాలబడి మొదలుపెట్టింది. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాలన్నది ఆమె పద్ధతి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. మనం అంగన్‌వాడీ అనేది ఆ పథకం కేంద్రాన్నే. అక్కడ అందాల్సిన సేవలు ఆరు: పోషకాహారం, ఆటపాటలతో చదువు, తల్లులకు ఆరోగ్య బోధ, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం. కడుపుతో ఉన్న తల్లి దగ్గర నుంచి ఆరేళ్ళ పిల్లవాడి దాకా అందరూ వీటికి హక్కుదారులు. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం అక్కడి భోజనాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేసింది. మన రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి.

ఆ కేంద్రం విలువ మనకు 2023 డిసెంబరులో తెలిసింది. ఆ నెల 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి మన డెల్టాలో నేలకొరిగింది. పడిపోయిన చేను మొలకెత్తకముందే దక్కించుకోవాలని ఇంటిల్లిపాదీ పొలంలోకి దిగారు. సరిగ్గా 12వ తేదీ నుంచి అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు రాష్ట్రమంతటా సమ్మెకు వెళ్ళారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. సమ్మె 42 రోజులు సాగింది. క్రిస్మసు, సంక్రాంతి ఆ సమ్మెలోనే వెళ్ళిపోయాయి. మన పేటలో కొందరు వాళ్ళను తిట్టారు. పని చేసినవాళ్ళకు తగిన జీతం అందాలని మన ప్రభువే చెప్పాడు కాబట్టి నేను తిట్టలేకపోయాను. ఇంకొకటి కూడా అర్థమైంది. ఇద్దరు ఆడవాళ్ళు రాకపోతే పేట మొత్తం పిల్లలకు దిక్కులేకుండా పోయింది. అంటే పొరుగువాళ్ళం చెయ్యాల్సిన పనంతా ఆ ఇద్దరి మీదే పెట్టి మనం నిశ్చింతగా ఉన్నామన్నమాట.

ఇలాంటి చిక్కు చూసిన పల్లె కాపరుల్లో నేను మొదటివాణ్ణేమీ కాదు. ఫ్రాన్సు దేశానికి తూర్పు కొసన కొండల్లో వాల్డెర్స్‌బాఖ్ అనే పేద పల్లె ఉంది. ఒబెర్లిన్ అనే కాపరి 1767లో అక్కడికి వచ్చాడు. తల్లిదండ్రులు పొలాల్లో ఉంటే పసిపిల్లలు దారుల్లో తిరిగేవారు. ఆ కొండ పల్లెల్లోనే సారా బాంజె అనే అమ్మాయి పిల్లలను ఇంట్లో పోగుచేసి అల్లికలు నేర్పుతూ ఉండేది. ఒబెర్లిన్ చేసిన పని ఏమిటంటే, ఆ అమ్మాయి చేస్తున్నది గొప్ప పని అని గుర్తించి, జీతం ఏర్పాటు చేసి, మిగతా పల్లెల్లో కూడా అలాంటి స్త్రీలను నియమించడం. పిల్లలకు అల్లికలు, పాటలు, మొక్కల పేర్లు, బైబిలు కథలు. వాళ్ళలో లూయీజ్ షెప్లే అనే ఆమె ఒక పేద ఇంటి నుంచి పనిపిల్లగా కాపరి ఇంటికి వచ్చింది. జీవితమంతా ఆ పిల్లల మధ్యే గడిపింది. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సత్ప్రవర్తన బహుమతి ఇచ్చింది. పిల్లల బడుల చరిత్ర చెప్పేవాళ్ళు నేటికీ ఆ పల్లె పేరు తలుచుకుంటారు. మొదలుపెట్టింది కాపరి కాదు, ఒక అమ్మాయి.

మన దగ్గరా అంతే. మొదలుపెట్టింది నేను కాదు. మన సంఘంలో అరవై దాటిన ఒక విధవరాలు, నాట్ల రోజుల్లో పక్కిళ్ళ పిల్లలు నలుగురిని తన అరుగు మీద కూర్చోబెట్టుకునేది. ఆమెను అడిగితే, "నాకు ఊసుపోతుంది, వాళ్ళకు కాపలా అవుతుంది" అంది. పోయిన ఏడు స్త్రీల కూడికలో ఈ మాట వచ్చింది. ఆమె అరుగు చిన్నది, మన మందిరం వరండా పెద్దది, గేటు కూడా ఉంది. జూలై చివరి నుంచి నాట్లు అయ్యేదాకా ఉదయం ఆరు నుంచి ముఠా తిరిగొచ్చేవరకు వరండా తెరిచాం. రోజుకు ఇద్దరు పెద్దవాళ్ళు. మొదటి రోజు నలుగురు పిల్లలు, చివరి వారానికి పదకొండు మంది. మూడేళ్ళు దాటినవాళ్ళను తొమ్మిదింటికి అంగన్‌వాడీలో దించి వచ్చేవాళ్ళు. చిన్నవాళ్ళు వరండాలోనే.

పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నే. ఒక్క మనిషి ఉన్నప్పుడు తెరవకూడదు. బిడ్డను తెచ్చినవాళ్ళకే అప్పగించాలి, లేదా వాళ్ళు ముందే చెప్పిన మనిషికి. గేటు గొళ్ళెం పెద్దవాళ్ళకు మాత్రమే అందే ఎత్తులో ఉండాలి. బకెట్లలో, తొట్టెలో నీళ్ళు నిలవ ఉంచకూడదు. గచ్చకాయలు, చింతపిక్కలు చిన్నవాళ్ళ చేతికి ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటారు. ఆటవస్తువులు కొనలేదు. కొబ్బరి చిప్పలు, ఇసుక, పాత గిన్నెలు, చెమ్మచెక్క, దాగుడుమూతలు. పొద్దున ఒకసారి రాగి జావ.

రెండో వారంలో టీచరమ్మ తనంతట తనే వచ్చి పిల్లల జబ్బ చుట్టుకొలత తీసింది. ఆ టేపు మీద పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఎర్ర రంగు, దాని పైన పన్నెండున్నర వరకు పసుపు, ఆ తర్వాత పచ్చ. ఒక పాప కొలత పసుపులో పడింది. ఆరా తీస్తే పాపకిచ్చిన బాలామృతం ఇంట్లో పెద్దపిల్లలు కూడా పంచుకుంటున్నారని తేలింది. ఆకలి ఉన్న ఇంట్లో పంచుకోవడం నేరం కాదు. కానీ తెలియడం మంచిదైంది. ఏఎన్ఎం చూసింది, తల్లికి చెప్పింది, పాప వంతు జావ వరండాలోనే పెట్టాం. నెలన్నర తర్వాత టేపు పచ్చలోకి వచ్చింది. నలుగురూ చూసే చోట బిడ్డ ఉంటే జరిగే మేలు ఇదే.

సంఘంలో ఒక పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. "అయ్యగారూ, మందిరం మనది, కరెంటు మనది. వచ్చేవాళ్ళలో సగం మంది మన విశ్వాసులు కారు. పోనీ వాక్యమైనా చెప్పొచ్చు కదా?" ఆ ప్రశ్న న్యాయమైనదే, ఆయన మందిరం కోసం ఎంతో ఇచ్చినవారు. నా జవాబు ఇది. కూలికి వెళ్ళే తల్లి తన బిడ్డను మనకు అప్పగించింది కాపలా కోసం. అడగనిది చేస్తే ఆ నమ్మకాన్ని పాడుచేసినట్టే. శిష్యులు పిల్లలను ఆపబోతే ప్రభువు కోపపడ్డాడని మార్కు పదో అధ్యాయంలో చదువుతాం. ఆయన వాళ్ళను ఎత్తుకున్నాడు, చేతులుంచి ఆశీర్వదించాడు. తల్లిదండ్రులెవరని గానీ, ఏ ఇంటివాళ్ళని గానీ అడిగినట్టు అక్కడ లేదు. రూతు కూడా మోయాబు దేశస్థురాలే, బేత్లెహేము ఆడవాళ్ళు ఆమె బిడ్డను తమ బిడ్డగా ఎంచుకున్నారు. పెద్దాయన కాసేపు ఆలోచించారు. మర్నాడు ఒక బస్తా రాగులు పంపించారు.

ఇక మనం చేయవలసినవి చెప్తాను. ఈ ఏడు నాట్లకు వారంలో ఒక పూట ఇవ్వగలిగినవాళ్ళు ఆదివారం ఆరాధన తర్వాత పేరు ఇవ్వండి. మగవాళ్ళు కూడా. పిల్లను ఎత్తుకోవడం ఆడవాళ్ళ పనేనని వాక్యంలో ఎక్కడా లేదు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీకి కలిపి శిశు సంరక్షణ కేంద్రం పెట్టే వీలుంది. వచ్చే గ్రామసభలో దానికోసం అర్జీ ఇద్దాం, వచ్చి సంతకం పెట్టండి. టీచరమ్మనూ ఆయమ్మనూ దారిలో చూస్తే పలకరించండి.

దూరాన ఉన్న తల్లులారా, తండ్రులారా, మీ బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో పెరుగుతోంది. రాత్రి ఫోను చేసినప్పుడు "తిన్నావా" అని అడిగాక ఇంకో మాట అడగండి. ఈ నెల బరువు తూయించారా, ఎంత ఉంది? టీకా ఏదైనా మిగిలిందా? ఆ ముసలి చేతులకు కష్టంగా ఉంటే నాకు చెప్పండి. ఇక్కడ పొరుగువాళ్ళం ఉన్నాం.

ప్రార్థిద్దాం. పరలోకపు తండ్రీ, పొలంలో ఒళ్ళు వంచిన తల్లుల మనసుకు నెమ్మది ఇవ్వు. కాలువ గట్ల మీద తిరిగే పసివాళ్ళను నీ కన్నుపాపలా కాపాడు. పొరుగింటి బిడ్డకు చోటిచ్చేలా మా ఒడి విశాలం చెయ్యి. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.