లోపలి మనిషి

అమ్మ బైబిలు అట్ట ఊడితే గోనెదారంతో కుట్టుకుంది. ఇప్పుడు మోకాళ్లూ వంగడం లేదు, మంచం మీదే ప్రార్థన. చూపు మందగించాక నాతో చదివించుకునేది ఎక్కువగా కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక, నాలుగో అధ్యాయం. పైశరీరం కృశిస్తున్నా లోపల రోజురోజుకీ కొత్తదనం వస్తుందనే మాట. తెలుగు బైబిల్లో ఆ లోపలుండేది కూడా 'పురుషుడే'! నేను అక్కడ ఆగిపోతాను. అమ్మ ఆగదు. "మనిషి అని చదవవే" అంటుంది.

నలభై ఏళ్లు గుళ్లో చాపలు పరిచింది, స్త్రీల కూటం నడిపింది. వాక్యం మాత్రం చెప్పనివ్వలేదు. 2013లో పుష్పలలిత గారు నంద్యాలలో సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయినప్పుడు పేపర్లో ఫోటో కత్తిరించి ఆ అధ్యాయంలోనే దాచుకుంది. అదీ పసుపుబారింది.

నాకు అమ్మంత విశ్వాసం లేదు. నిన్న మాత్రం అడక్కుండానే 'మనిషి' అని చదివాను.

"మళ్లీ చదువు, వినపడలేదు" అంది.