చేతిలో డబ్బు – ఒంట్లో రక్తపోటు

మా జడ్చర్ల ఆస్పత్రిలో "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే చాలామంది బాదేపల్లి మార్కెట్లో వేరుశనగ ధర చెబుతారు. ధర పలికితే "మంచిగున్న సారూ" అంటారు. పడిపోతే గుండెదడ, నిద్ర పట్టడం లేదంటారు. అప్పుల దిగులు నిద్రను చెడగొట్టే మాట నిజమే. కాని మనసుకు నిమ్మళంగా ఉన్నంత మాత్రాన రక్తపోటు తగ్గినట్టు కాదు. అది 140/90 దాటినా చాలామందికి ఏ బాధా తెలియదు. పంట డబ్బు వచ్చి బాగానే ఉన్నామని కొందరు, చేతిలో పైసలు లేవని కొందరు మాత్రలు మానేస్తుంటారు. పక్షవాతం ముప్పు ఇద్దరికీ ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. వలస పనికి పోయేవారు ముందుగా వచ్చి పరీక్ష చేయించుకుని, సరిపడా మాత్రలు వెంట తీసుకువెళ్ళాలి. డాక్టరు చెప్పనిదే మందు మానకండి.