మంచము మీదనుండి వేపచెట్టు వరకు

జబ్బుపడినవారిని చూడబోయినప్పుడెల్లా మేము అలవాటుగా చెప్పే మాట ఒకటుంది. "ఏ పనీ పెట్టుకోవద్దు, హాయిగా పడుకోండి" అంటాము. 2023లో ఆ మాట మా సంఘములోని ఒక అబ్బాయికి కీడు చేసింది.

అతనికి 22 ఏండ్లు. వడ్ల బస్తా ఒక్కడే భుజానికెత్తుకొనే పిల్లవాడు. జ్వరము తగ్గక, చిగుళ్ళనుండి రక్తము కారుతుంటే పట్నము తీసుకువెళ్ళారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. ఎముకల మూలుగలో ఎదగని తెల్లకణములు ఆగకుండా పుట్టి, మంచి కణములకు చోటు లేకుండా చేసే రక్త క్యాన్సర్ అది. మొదటి విడత కీమోకే దగ్గర దగ్గర నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఇంటికి తెచ్చాక మేము వెళ్ళి ప్రార్థన చేసి, "కాలు కింద పెట్టనియ్యకమ్మా" అని తల్లికి గట్టిగా చెప్పి వచ్చాము. ఆమె మా మాట తు.చ. తప్పలేదు. అన్నము, నీళ్ళు, స్నానము అన్నీ మంచము దగ్గరే. రెండు వారాలకు వెళ్ళి చూస్తే పిల్లవాని పిక్కలు మా ముంజేతి లావున ఉన్నాయి. లేవబోయి గోడ పట్టుకున్నాడు.

రెండవ విడతకు మేమూ తోడు వెళ్ళాము. డాక్టరమ్మగారు మొదటే, "పగలు ఎంతసేపు మంచము మీద ఉంటున్నాడు?" అని అడిగారు. ఎందుకడిగారో తరువాత తెలిసింది. మెలకువ వేళలో సగానికి మించి పడకమీదనే గడిపే మనిషికి గట్టి మందు ఇవ్వాలంటే డాక్టర్లు వెనుకాడతారు. "ఎవరు పడుకోబెట్టారమ్మా ఇతన్ని?" అన్నారు. తల్లి మా వైపు చూడలేదు. మేమే ఒప్పుకున్నాము. ఆ విడత రెండు వారాలు వెనుకకు జరిగింది.

ఆ నీరసము పడుకుంటే తీరేది కాదట. పడుకున్నకొద్దీ కండ కరిగి మరింత పెరుగుతుందట. 1990లలోనే జర్మనీలో ఫ్రైబుర్గ్ డాక్టర్లు, గట్టి కీమో తీసుకున్న క్యాన్సర్ రోగుల చేత పడుకొనే సైకిలు పెడళ్ళు తొక్కించారు, రోజుకు అరగంట, మధ్య మధ్య ఆగుతూ. మిగతావారికంటే వారికి సత్తువ తక్కువగా పోయింది. 2010లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారు కూడ క్యాన్సర్ రోగులు కదలకుండా ఉండవద్దన్నారు. వ్యాయామము లుకేమియాను కుదర్చదు. కుదర్చవలసింది మందే. ఆ మందుకు తట్టుకొనే ఒళ్ళు కావాలి గదా!

హద్దులు మాత్రము శ్రద్ధగా చదవండి. జ్వరము 100.4 డిగ్రీలు చేరితే నడక మాట లేదు, నేరుగా ఆసుపత్రికే. ప్లేట్‌లెట్లు 20,000కు తగ్గితే బరువులెత్తడము, ఊపిరి బిగబట్టే పనులు కూడవు. 10,000కు దిగితే డాక్టరును అడగనిదే ఏదీ వద్దు. పడితే లోపల రక్తము కారవచ్చు. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసము పెరిగినా వెంటనే ఆపాలి. తెల్లకణములు తగ్గిన రోజులలో జనములోకి, పెంటకుప్పల వైపు, మట్టి తవ్వే చోటికి పోరాదు. ఇవేవీ లేని చోటు మా ఊళ్ళో ఎక్కడున్నది?

చివరకు వారి వాకిలే దిక్కయింది. మొదటి రోజు గుమ్మము నుండి వేపచెట్టు వరకు, 11 అడుగులు. మేము పక్కనే నడిచాము గాని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే అతనికి కోపము. తరువాత చేతులు ఆనించకుండా కుర్చీలోనుండి లేవడము, కూర్చోవడము, ఐదుసార్లు. కొన్ని ఉదయాలు "అయ్యగారూ, ఈ రోజు నావల్ల కాదండీ" అనేవాడు. ఆ రోజు పడుకొనే పాదాలు ఆడించేవాడు. ఒక్కసారి మాత్రము మేము బలవంతపెట్టాము. నాలుగడుగులకే వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

రెండు వారాల తరువాత ఆటో వచ్చింది. తల్లి చెయ్యి అందించబోతే వద్దని తానే ఎక్కి కూర్చున్నాడు. డాక్టరమ్మగారు మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. ఈసారి తల్లి మమ్మల్ని చెప్పనివ్వలేదు.

"మధ్యాహ్నము ఒక్క గంటేనండీ" అంది.

ఆమె చీటీ మీద మందు పూర్తి మోతాదు రాశారు.